టెక్నాలజీ లేని రోజులట!

ఏడాదికి రెండు మూడుసార్లైనా ఆ వీడియో నా ఫోన్‌కు వస్తుంది. 'మాయాబజార్'లో ఎస్వీ రంగారావు పెళ్ళివంటల ముందు కూర్చుంటాడు, లడ్డూలు వాటంతట అవే లేచి ఆయన నోట్లోకి పోతుంటాయి. కింద ఎవరో ఒకరు తప్పకుండా రాస్తారు: టెక్నాలజీ లేని రోజుల్లో ఎట్లా తీశారో మహానుభావులు! ఆ వెనకాలే దండం పెట్టే చేతులు, ఓ యాభై.

పొగడ్తే కదా, నీకెందుకు మంట అని మా ఆఫీసులో ఒకడు అడిగాడు. ఎందుకంటే, పనిమంతుణ్ణి పట్టుకుని "పాపం, చదువు లేకపోయినా ఎంత బాగా చేశాడో" అంటే ఎట్లుంటుందో ఇదీ అట్లే ఉంది. 1957లో మద్రాసు స్టూడియోల్లో టెక్నాలజీ లేకపోవడమేంటి? కెమెరా, లెన్సు, ఫిల్ము కడిగే రసాయనాలు, లైట్లు, వడ్రంగం, రంగులు, వీటన్నిటినీ కలిపి లెక్కగట్టగలిగిన మనుషులు... ఇదంతా ఏంది మరి? భక్తా? మన తరం టెక్నాలజీ అనే మాటను కంప్యూటర్ పేరు మీద రాసిచ్చేసింది. పొద్దున్నుంచి రాత్రి దాకా కోడ్ రాసి బతికే నేనే చెప్తున్నా, ఆ రిజిస్ట్రేషన్ చెల్లదు.

లడ్డూల సంగతి అందరికీ తెలుసు. ద్వారక సంగతి ఎంతమందికి తెలుసు? పైనుంచి చూసినట్టు కనిపించే ఆ నగరం స్టూడియోలో 50 అడుగుల వెడల్పు, 60 అడుగుల పొడవు జాగాలో కట్టిన బొమ్మల ఊరు. 300 చిన్న ఇళ్ళు, ఒకదాని పోలిక ఇంకోదానికి లేకుండా. మొత్తం 3000 చదరపు అడుగులు, అంటే 333 గజాలు. కరీంనగర్‌లో అది ఒక కలిగినవాళ్ళ ఇంటి ప్లాటు. అందులో ఒక రాజధానిని దించారు. వీధులు పోను ఒక్కో ఇంటికి పది చదరపు అడుగులు కూడా దక్కదు. గీసింది మాధవపెద్ది గోఖలే, ఆ గీతల్ని సెట్టుగా నిలబెట్టింది కళాధర్, కెమెరా మార్కస్ బార్ట్‌లే. ఈ గోఖలే ఎవరో కాదు, 'బల్లకట్టు పాపయ్య' రాసిన మా. గోఖలే. కథలు చదివేవాళ్ళకు కథకుడిగా తెలుసు, సినిమా వాళ్ళకు ఆర్ట్ డైరెక్టర్‌గా తెలుసు. ఒకే చేత్తో రెండు పనులూ జరిగాయన్నది మాత్రం మన సాహిత్య వ్యాసాల్లో ఓ అర వాక్యం దాటదు. సెట్టు వేయడం మనకు ఆలోచన కిందికి రాదు మరి.

చిన్నగా కట్టి దగ్గర్నుంచి తీస్తే పెద్దగా కనిపిస్తుంది అనుకుంటాం. కనిపించదు. చిన్నదాన్ని దగ్గర్నుంచి తీస్తే చిన్నదిగానే కనిపిస్తుంది. కన్ను మోసపోవాలంటే నాలుగైదు చోట్ల లెక్క కుదరాలి.

శ్రీరాంసాగర్ గేట్లెత్తినప్పుడు దూరం నుంచి చూసినవాళ్ళకు ఒకటి గుర్తుంటుంది. అంత నీళ్ళు అంత జోరుగా దూకుతున్నా, చూస్తే నింపాదిగా పడుతున్నట్టే ఉంటాయి. పెద్దవన్నీ మన కంటికి మెల్లగానే కదులుతాయి. ఒక రాయి 20 మీటర్ల ఎత్తు నుంచి పడడానికి దాదాపు 2 సెకన్లు పడుతుంది. అదే దృశ్యాన్ని పదహారో వంతు నమూనాగా కడితే ఎత్తు మీటరుంపావు, రాయి అర సెకనులో నేలమీద ఉంటుంది. గురుత్వాకర్షణకు మన స్కేలుతో పనిలేదు. అందుకని కెమెరాను నాలుగు రెట్లు వేగంగా తిప్పాలి, సెకనుకు 24 ఫ్రేముల బదులు 96. స్కేలుకు వర్గమూలం, అంతే సూత్రం. 19వ శతాబ్దంలో విలియం ఫ్రూడ్ ఓడల నమూనాలను నీటి తొట్టెలో పరీక్షించడానికి వాడిన సూత్రం ఇదే. పోలవరం స్పిల్‌వే నమూనాను పుణెలోని కేంద్ర జల, విద్యుత్ పరిశోధనా కేంద్రంలో పరీక్షించారే, అట్లాంటి పరీక్షలన్నీ నడిచేదీ దీని మీదనే. డ్యామ్ నమూనా కడితే ఇంజనీరింగ్, ద్వారక నమూనా కడితే 'టెక్నాలజీ లేని రోజులు'. భలే న్యాయం.

ఇంతటితో అయిపోలేదు. సెకనుకు 96 ఫ్రేములంటే ఒక్కో ఫ్రేముకు దక్కే వెలుగు నాలుగో వంతే. పైగా బొమ్మ దగ్గరగా ఉంటుంది కాబట్టి ముందరి ఇల్లు స్పష్టంగా ఉంటే వెనక ఇల్లు మసకబారుతుంది. ఆ మసకే 'ఇది బొమ్మ' అని కంటికి చెప్పేస్తుంది. దాన్ని చంపాలంటే లెన్సు రంధ్రాన్ని బాగా చిన్నది చేయాలి, అప్పుడు వెలుగు ఇంకా తగ్గుతుంది. కాబట్టి లైట్లు కుమ్మరించాలి. ఆ వేడికి బొమ్మలు వంకరపోకూడదు. నిజం ఊళ్ళో దూరపు ఇళ్ళు కాస్త పాలిపోయి కనిపిస్తాయి, ఆ గాలి పొరను పొగతోనో రంగుతోనో తెచ్చిపెట్టాలి. ద్వారక కదలదు కాబట్టి దానికి వేగం లెక్క అక్కర్లేదు గానీ, ఈ వెలుగు తిప్పలు మాత్రం తప్పవు. ఇక నీళ్ళు, నిప్పు అయితే ఎవరి మాటా వినవు. నీటి చుక్కను చిన్నది చేయలేం. అందుకే పాత సినిమాల్లో బొమ్మ ఓడ పక్కన గోలీ అంత నీటి చుక్క ఎగిరి గుట్టు రట్టు చేస్తుంది.

1965లో బ్రిటన్‌లో 'థండర్‌బర్డ్స్' అని ఒక టీవీ సీరియల్ వచ్చింది. తీగలకు వేలాడే తోలుబొమ్మల్లాంటి మనుషులు, రాకెట్లు, పేలుళ్ళు. పిల్లల కోసం తీసిందే. నేను దాన్ని ఉద్యోగంలో చేరాక యూట్యూబ్‌లో చూశా. మనుషుల మొహాలు చూస్తే నవ్వొస్తుంది. కానీ ఒక భవనం కూలినప్పుడు చూడండి, నవ్వు ఆగిపోతుంది. డెరెక్ మెడింగ్స్ అనే ఆయన బృందం పేలుళ్ళను సెకనుకు దాదాపు 120 ఫ్రేముల దగ్గర తీసేది. వాహనం పరుగెత్తాల్సి వస్తే దాన్ని కదలకుండా నిలబెట్టి, కింద రోడ్డును, వెనక ఆకాశాన్ని రోలర్ల మీద తిప్పేవాళ్ళు. వారం వారం ప్రసారమయ్యే సీరియల్ కోసం ఇంత యవ్వారం. 1978 'సూపర్‌మాన్'కు ప్రత్యేక ఆస్కార్ అందుకున్నవాళ్ళలో ఆ మెడింగ్స్ ఉన్నాడు. పిల్లల బొమ్మల దగ్గర నేర్చిన పనే అక్కడికి తీసుకెళ్ళింది.

పాత సీరియళ్ళలో వేలాడదీసిన తీగలు కనబడతాయని, 'డాక్టర్ హూ' పాత ఎపిసోడ్లలో అట్టముక్కలు అట్టముక్కల్లాగే ఉంటాయని ఎవరైనా అంటే ఒప్పుకుంటా. చెత్తగా చేసినవి చెత్తగానే ఉంటాయి. టైమివ్వకుండా, డబ్బివ్వకుండా చేయించినవి కంప్యూటర్‌లోనూ అంతకంటే బాగా రావు. 2022 అక్టోబర్‌లో 'ఆదిపురుష్' టీజర్ వచ్చినప్పుడు జనం ఏమన్నారు? కార్టూన్‌లా ఉంది, బొమ్మల్లా ఉన్నాయి. తిట్టినవాళ్ళలో లడ్డూల వీడియో పంపే మా దోస్తులూ ఉన్నారు. పాతదాన్ని మొక్కుడు, కొత్తదాన్ని తిట్టుడు. రెండింటిలోనూ పని చేసిన మనిషి కనబడడు. ఎండ్ టైటిల్స్‌లో చీమల బారులా పోయే ఆ వందల పేర్లు మనం థియేటర్‌లో లేచి చెప్పులు వెతుక్కునే టైములో పోతాయి. అందుకే ఇది గ్రాఫిక్స్ మీద గొడవ అనుకోకండి. గ్రాఫిక్స్ చేసేవాడికీ, బొమ్మ ఇల్లు కట్టినవాడికీ మనం చేసే అవమానం ఒక్కటే.

అసలు 'బొమ్మలా ఉంది' అన్నది తిట్టు ఎప్పుడైంది? మన ఊళ్ళల్లో సినిమానే బొమ్మ అంటారు. బొమ్మ పడింది, బొమ్మ హిట్టు. తెర మీద ఆడేదాన్ని బొమ్మ అని ఒప్పుకుని, డబ్బులిచ్చి కూర్చుని, తీరా లోపల బొమ్మ కనబడిందని అలుగుతాం.

మా ఇంట్లో అద్దాల షోకేసులో నిర్మల్ సీతాఫలం ఒకటి ఉండేది. పండగకు వచ్చిన చుట్టాల పిల్లల్లో దాన్ని కొరికి చూసినవాళ్ళున్నారు, ఒక పంటి గాటు చివరిదాకా ఉండిపోయింది. ఆ సీతాఫలం పొనికి కర్రతో చేసింది. తేలిగ్గా, మెత్తగా ఉండే కర్ర. చింతగింజల జిగురులో రంపపు పొట్టు కలిపిన ముద్దతో అతుకులు, గతుకులు నింపుతారు. తర్వాత రంగు. కళ్ళను నమ్మించేది కర్ర కాదు, ఆ పైపొర. ఎక్కడ నీడ ముదరాలి, ఎక్కడ మెరుపు చావాలి అన్న తెలివి. థండర్‌బర్డ్స్ బృందం కొత్త రాకెట్ల మీద మసి, తుప్పు రంగులు పూసి వాడినట్టు కనబడేలా చేసేది. నిర్మల్‌లో నకాషీ కుటుంబాల చేతుల్లో ఉన్నదీ, స్లౌలో మెడింగ్స్ వర్క్‌షాపులో ఉన్నదీ ఒక జాతి తెలివే అని నా నమ్మకం. ఒకదానికి స్పెషల్ ఎఫెక్ట్స్ అని పేరొచ్చింది. ఇంకోదానికి 'సంప్రదాయ హస్తకళ' అని బోర్డు పెట్టి, దండేసి, పక్కన పెట్టాం. హస్తకళ అన్నాక అందులో లెక్క ఉందని ఎవడూ వెతకడు.

నేను కరీంనగర్ దిక్కు ఇంజనీరింగ్ చదివా. నాలుగేళ్ళలో ఫ్రూడ్ నంబర్ గురించి విన్నా. బస్సెక్కితే మూడు గంటల్లో వచ్చే నిర్మల్‌కు మమ్మల్ని ఎవరూ తీసుకుపోలేదు, మేమూ అడగలేదు. ఫైనలియర్ ప్రాజెక్టు నలుగురం డబ్బులేసుకుని అమీర్‌పేటలో కొన్నాం. డబ్బాలో వచ్చింది, వైవాకు ముందు రాత్రి దాన్ని విప్పి ఏ వైరు ఎక్కడికి పోతుందో బట్టీ పట్టాం. అట్లాంటి పట్టా పెట్టుకుని నేను 1957 వాళ్ళకు టెక్నాలజీ లేదనాలా?

'స్టార్ ట్రెక్' సీరియల్‌లో ఎంటర్‌ప్రైజ్ అని ఒక అంతరిక్ష నౌక ఉంటుంది. 1960లలో కట్టిన దాని పెద్ద నమూనా పొడవు 11 అడుగులు, ఎక్కువ భాగం కర్రే. 1974లో దాన్ని స్మిత్సోనియన్ మ్యూజియంకు ఇచ్చారు. 2016లో శుభ్రం చేసి, మరమ్మతు చేసి వాషింగ్టన్‌లోని జాతీయ వాయు, అంతరిక్ష మ్యూజియంలో నిజం విమానాలు, నిజం అంతరిక్ష నౌకలు ఉన్న హాల్లో నిలబెట్టారు. నాకు నచ్చిన ముచ్చట ఏంటంటే, దానికి ఎడమ పక్క పూర్తి చేయలేదు. లోపలి లైట్ల వైర్లు అటునుంచి బయటికొస్తాయి, కెమెరా కుడివైపే చూస్తుంది కాబట్టి అటు పని వదిలేశారు. మరమ్మతు చేసినవాళ్ళు అన్నీ బాగుచేశారు గానీ, ఎడమ పక్కను 'అందంగా' పూర్తి చేయలేదు. ఆ వైర్ల వల్లే కదా అదెట్లా పనిచేసిందో మనకు అర్థమయ్యేది.

మనం 'మాయాబజార్'కు ఏం చేశాం? 2010లో హైదరాబాద్‌లో దానికి కంప్యూటర్‌తో రంగులేశాం. ఓపికతో చేసిన పనే, ఆ పని చేసినవాళ్ళ మీద నాకు కోపం లేదు. కానీ ఎందుకు చేయాలనిపించింది? నలుపు తెలుపు అంటే ఏదో కొరత, రంగు లేక అట్లా తీశారు పాపం, మనం పూర్తి చేద్దాం అన్న దయ. మళ్ళీ అదే దయ! బార్ట్‌లే బూడిద రంగుల మెట్లతో ఒక గోడకూ ఇంకో గోడకూ మధ్య దూరం పుట్టించాడు. దాని మీద రంగు పూస్తే, నా కంటికైతే, ఆ దూరాలు దగ్గరపడతాయి, ఊరు కాస్తా మళ్ళీ 333 గజాల ప్లాటవుతుంది. రంగులకు పెట్టిన శ్రద్ధలో కొంత గోఖలే గీతల మీద, కళాధర్ కొలతల మీద పెట్టి ఒక పుస్తకం వేసుంటే మా వయసు వాళ్ళకు లడ్డూల వీడియో కింద రాయడానికి ఇంకేదైనా ఉండేది.

కొత్తవాళ్ళకు ఈ సంగతి తెలియక కాదు. 2019లో 'మాండలోరియన్' సీరియల్ తీసినవాళ్ళు, చేతిలో ప్రపంచంలోని పెద్ద గ్రాఫిక్స్ సంస్థల్లో ఒకటి ఉండి కూడా, నౌకకు నమూనా చేయించి కెమెరాతో తీశారు. మన 'కల్కి 2898 ఏడీ'కి బుజ్జి అనే బండిని కంప్యూటర్‌లో వదిలేయకుండా నిజంగా నడిచేలా కట్టారు. 'మాయాబజార్'కు కె.వి.రెడ్డి దగ్గర పనిచేసిన సింగీతం శ్రీనివాసరావు 1991లో 'ఆదిత్య 369' తీసి మా తరానికి టైమ్ మెషీన్ చూపించాడు. అంటే తాడు పూర్తిగా తెగలేదు. చూసే మనమే, రాసే మనమే, ఒక కొసను మొక్కి ఇంకో కొసను తిట్టి మధ్యలో ఉన్నది వదిలేస్తున్నాం. సినిమా సమీక్షల్లో 'సాంకేతిక విభాగం' అని చివరి పేరా ఒకటుంటుంది చూడండి, 'కెమెరా పనితనం బాగుంది, ఆర్ట్ ఫర్వాలేదు.' 300 ఇళ్ళు ఆ 'ఫర్వాలేదు'లో కాపురముంటాయి.

ఇన్ని మాటలన్నాను కాబట్టి నేనూ మొదలుపెట్టా. నిర్మల్ పోయి, కర్ర ఎట్లా ఆరబెడతారో ఒక మధ్యాహ్నమంతా కూర్చుని అడిగి వచ్చా. స్కేలు ఇరవై అయిదో వంతు పెట్టుకున్నా, ఫోన్‌లో 120 ఫ్రేములు వస్తాయి కాబట్టి లెక్క సరిపోతుంది. మొదటి ఇల్లు అట్టతో కట్టి, వంటింటి పొగ రావాలని లోపల అగరొత్తి పెట్టా. స్లో మోషన్‌లో చూస్తే ఇల్లు కాలిపోతున్నట్టుంది. రెండోది నిజంగానే కాలిపోయింది. మూడోదాని గోడకు చింతగింజల జిగురు పూస్తే రెండు రోజుల్లో చీమలు పట్టాయి. ఇప్పుడు బాల్కనీలో ఆరు ఇళ్ళున్నాయి, అందులో రెండు ఒకే పోలికగా వచ్చాయి. మా అమ్మ ఫోన్ చేసినప్పుడల్లా ఎంత వరకు వచ్చిందిరా నీ ద్వారక అని అడుగుతది. ఇంకా 294 ఉన్నాయమ్మా.