నుమాయిష్ నేర్పే పాఠం

మన జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల యువకులకు వీడియో ఆటలు కొత్త కావు. వాటి వ్యాపారానికై అమెరికాలోని లాస్ ఏంజిలిస్‌లో 1995లో ఈ3 అనే మహాప్రదర్శన వెలసినది. 2019లో సోనీ సంస్థ దానికి దూరమైనది. 2020లో కరోనా దానిని ఆపివేసినది. 2023 డిసెంబరులో అది శాశ్వతముగా ముగిసినది. తమ సరుకును తెరపైననే ప్రజలకు నేరుగా చూపగల సంస్థలకు మహాప్రదర్శనతో పని తగ్గినది.

అట్లయిన, ఉర్దూ మాధ్యమములో చదివిన ఉస్మానియా పట్టభద్రులు 1938లో హైదరాబాదులో ప్రారంభించిన నుమాయిష్‌కు నేటికీ జనము తరలిపోవుట ఏల? తెరపై ఆటను పూర్తిగా చూడవచ్చును. చీర నేత మాత్రము చేతికి తగిలిననే తెలియును. పైగా నుమాయిష్ ఆదాయము విద్యాసంస్థలకు అండగా నిలిచినది. వస్తువుతోనూ సమాజముతోనూ సంబంధమున్న ప్రదర్శన బ్రతుకును. ఆర్భాటమే మిగిలినది అంతరించును.

కనుక కళాశాల కమిటీవారికి మా మనవి ఒక్కటే. వార్షికోత్సవ అలంకరణల వ్యయములో కొంత తగ్గించి, సిరిసిల్ల నేతగాండ్రకు మన ప్రాంగణములో రెండు దినములు చోటీయవలెను. విద్యార్థులు లెక్కలు వ్రాయవలెను, ఆ వస్త్రములను తెరపైనను చూపవలెను. చదువునకు, మగ్గమునకు నడుమనున్న దూరము అట్లు కొంతయినా తగ్గునని మా విశ్వాసము.