పర్మిట్ 13వ మైలు వరకే.. ప్రమాదం 15వ మైలు దగ్గర

సంక్రాంతి సెలవులు వస్తున్నాయంటే టోలీచౌకి, మెహదీపట్నం ఇళ్లలో ఇప్పుడు కశ్మీర్ టూర్ మాటే. పిల్లలకి మంచు చూపించాలి, గుల్మార్గ్‌లో గొండోలా ఎక్కాలి. తప్పేం లేదు. కానీ ప్యాకేజీ రేటు కోసం నాలుగు చోట్ల బేరమాడే మనం, మంచు చరియల గురించి మాత్రం ఒక్కరినీ అడగం. అదంతా స్కీయింగ్ చేసేవాళ్ల గొడవ అనుకుంటాం.

2023 ఏప్రిల్ 4న సిక్కింలో నాథులా రోడ్డుపై మంచు చరియ పడి ఏడుగురు టూరిస్టులు చనిపోయారు. వాళ్లు మనలాగే బండ్లలో వచ్చి మంచు చూస్తున్నవాళ్లు. ఆ రోజు పర్మిట్లు 13వ మైలు వరకే ఇచ్చామని, జనం 15వ మైలు దాకా వెళ్లారని అధికారులు చెప్పారు. ఆ రెండు మైళ్లు ఎందుకు వెళ్తారో ఊహించడం కష్టం కాదు. "ఇంకొంచెం పైకెళ్తే మంచు బాగుంటుంది సాబ్" అని ఒకరంటారు, ఇంత దూరం వచ్చాం కదా అని మనం సరే అంటాం. బీకామ్‌లో దీన్ని సంక్ కాస్ట్ అని చదివాం. ఎలాగూ తిరిగిరాని డబ్బు కోసం ఇంకా పెద్ద నష్టానికి ఒప్పుకోవడం.

గుల్మార్గ్ సంగతి ఇంకోలా ఉంటుంది. అక్కడ అఫర్వత్ కొండపై 2023 ఫిబ్రవరిలో ఇద్దరు పోలండ్ స్కీయర్లు, 2024 ఫిబ్రవరిలో ఒక రష్యన్ చనిపోయారు. గుల్మార్గ్ ఎత్తు సుమారు 2,650 మీటర్లు, గొండోలా రెండో ఫేజ్ దించేది దాదాపు 3,950 మీటర్ల దగ్గర. హెచ్చరికలు జిల్లాని బట్టి, ఎత్తుని బట్టి ఇస్తారు. అంటే కింద హోటల్ దగ్గర ఏ భయం లేకపోయినా, పైన అదే రోజు ప్రమాదం ఉండొచ్చు.

పాత మంచు పొర బలహీనంగా ఉన్నప్పుడు దానిమీద కొత్త మంచు బరువు పడితే, పైపొర పలకలా జారిపోతుంది. ఎక్కువగా ఇది 30 నుంచి 45 డిగ్రీల వాలుల్లో జరుగుతుంది. కొండల్లో తిరిగేవాళ్లు చనిపోయిన ఘటనల్లో చాలావరకు ఆ పలకని కదిలించింది వాళ్లో, వాళ్ల జట్టులోవాళ్లో. మనం నిలబడ్డ చోటు చదునుగా ఉంటే సరిపోదు, పైనున్న వాలు కూడా చూడాలి. భారీగా మంచు కురిశాక మొదటి ఒకట్రెండు రోజులు మరీ ప్రమాదం. ఆకాశం తేటగా ఉండి ఫొటోలు బాగా వచ్చేదీ అప్పుడేనండీ!

కూరుకుపోయినవాళ్లని పది పదిహేను నిమిషాల్లో తీస్తే ఎక్కువమంది బతుకుతారు. అరగంట దాటితే బతికేవాళ్లు చాలా తక్కువ. బయటినుంచి సాయం వచ్చేసరికి ఆలస్యమే. అందుకే స్కీ ట్రాక్ దాటి వెళ్లేవాళ్లు ఒంటిమీద సిగ్నల్ పరికరం, వెతికే కడ్డీ, పార ఉంచుకుంటారు. మన దగ్గర అద్దె కోటు, గమ్‌బూట్లే ఉంటాయి. కాబట్టి తాడు కట్టిన చోటు దాటకూడదు, అంతే.

చండీగఢ్‌లోని రక్షణ శాఖ సంస్థ డీజీఆర్ఈ హెచ్చరికల్ని జమ్మూకశ్మీర్ విపత్తు నిర్వహణ విభాగం బయటపెడుతుంది. బయల్దేరే రోజు పొద్దున చూసుకోండి. ఇంకోటి, బుకింగ్ అప్పుడే ఏజెంట్‌తో రాయించుకోండి: హెచ్చరిక వచ్చి దారి మూసేస్తే ఆ రోజు డబ్బు వాపసు, లేదా ఇంకో చోటికి తీసుకెళ్లాలి.