పది రోజుల ఇటలీ ఏం నేర్పుతుంది?

వేసవి సెలవులు దగ్గరపడితే చాలు, యూరప్ టూర్ల ప్రకటనలు మొదలవుతాయి. పది రోజుల్లో అయిదారు దేశాలు, అందులో ఇటలీ వంతుకు రోమ్, పీసా, వెనిస్ కలిపి మూడు రోజులు. అక్కడి భాషనూ సంస్కృతినీ దగ్గరగా చూపిస్తామని హామీ. చూపిస్తారు, బస్సు అద్దంలోంచి. పగలంతా ఇంగ్లీషు గైడు, రాత్రికి మన భోజనం. యాత్రికుడికి ఇటాలియన్ ఒక్క ముక్క కూడా అక్కర పడకుండా చూసుకోవడమే ఆ ఏర్పాటు గొప్పతనం. అక్కర పడని భాష నాలుక మీదికి రాదు. సరదాకు వెళ్లేవారిని తప్పుపట్టడానికేమీ లేదు గానీ, సరదాను చదువని చెప్పి అమ్మడమే అభ్యంతరకరం.

ప్రయాణం భాషను ఎలా నేర్పుతుందో తెలుసుకోవాలంటే అమరాపురం చూడాలి. మడకశిర ప్రాంతంలో కర్ణాటకలోకి చొచ్చుకుపోయినట్టుండే ఈ మండలంలోనే హేమావతి ఉంది. ఒకప్పటి నొళంబ రాజుల రాజధాని అది, అక్కడి శాసనాలు కన్నడంలో కనిపిస్తాయి. ఈ సరిహద్దులో చాలా ఇళ్లలో నేటికీ కన్నడమే మాట్లాడతారు, కన్నడ మాధ్యమం బడులూ ఉన్నాయి. సరుకులకు హద్దు దాటి సిరాకో పావగడకో పోవడం, పెళ్లికి హిరియూరు వైపు వెళ్లి నాలుగు రోజులు చుట్టాలింట ఉండిపోవడం మామూలే. సెలవుల్లో అలా వెళ్లిన పిల్లలకు వ్యాకరణం ఎవరూ చెప్పరు. ఆటలో చేరాలంటే అవతలి పిల్లల మాట మాట్లాడక తప్పదు, అంతే. భాషతోపాటే ఎవరిని ఏమని పిలవాలో, ఎక్కడ గొంతు తగ్గించాలో వచ్చేస్తాయి. సంస్కృతి అంటే అంతకన్నా పెద్దదేం కాదు.

తెలుగు, కన్నడం అక్కాచెల్లెళ్లు కాబట్టి అది సాధ్యమైంది, ఇటాలియన్‌కు ఆ లెక్క కుదరదనేవారున్నారు. సగం నిజమే, పరాయి భాషకు ఎక్కువ కాలం పడుతుంది. అయితే అది ఎక్కువ రోజులు ఉండాలనడానికి కారణమే గాని, అసలు వద్దనడానికి కాదు. పుట్టపర్తిలో, ఇటలీ నుంచి వచ్చి వారాల తరబడి ఉండిపోయే భక్తులతో బేరాలాడిన అంగళ్లవాళ్లలో కొందరికి ఆ భాష వ్యాపారానికి చాలినంత పట్టుబడింది. ఎక్కువ రోజులుంటే పరాయి ఊరి తీరు తెలుస్తుందనడానికి ఇంకా పాత సాక్ష్యం వెనిస్ వర్తకుడు చేజారె ఫెదెరీచి. విజయనగరాన్ని కూల్చిన తళ్లికోట యుద్ధమైన రెండేళ్లకు, 1567లో, ఆయన ఆ నగరానికి వచ్చాడు. పని నెలలో ముగిసేదే అయినా, దారుల్లో దొంగల భయం వల్ల ఏడు నెలలు ఉండిపోయాడు. ఆ పాడుబడ్డ నగరం గురించీ, అక్కడి ఆచారాల గురించీ, దర్బారు పెనుకొండకు తరలడం గురించీ ఆయన రాసింది చరిత్రకారులు నేటికీ వాడుకుంటున్నారు. దొంగలు లేకుంటే మనకు బేరం లెక్కలే మిగిలేవేమో!

ఇక డబ్బు మాట. ఇటలీలో నెలరోజులుండటం ఎవరికి వీలవుతుందన్నది న్యాయమైన ప్రశ్నే. కానీ ఊరూరూ తిప్పే టూరులో ఖర్చు పెరిగేది ప్రయాణాలకూ రోజుకో హోటల్‌కే. ఒకే చిన్న ఊళ్లో వంటగది ఉన్న గది అద్దెకు తీసుకుంటే రోజు ఖర్చు దిగుతుంది. 1921 నుంచి విదేశీయులకు ఇటాలియన్ నేర్పుతున్న పెరూజాలోనూ, సియేనాలోనూ అందుకోసమే విశ్వవిద్యాలయాలున్నాయి. పర్యాటక షెంగెన్ వీసా మీద 180 రోజుల్లో 90 రోజుల వరకు ఉండొచ్చు. అసలు అడ్డు సెలవు. పదిరోజులకు మించి దొరకని ఉద్యోగి ఆరు నెలల ముందే ఇంటి దగ్గర పాఠాలు మొదలుపెట్టాలి. ఇటాలియన్‌లో రాసినదానికీ పలికేదానికీ పెద్ద తేడా ఉండదు కాబట్టి ఆ మొదటి మెట్టు మనవాళ్లకు కష్టమేం కాదు. ఆ తర్వాత ఆ పది రోజులూ ఒకే ఊళ్లో, గైడు లేకుండా గడపాలి. వెనిస్ చూడకుండా వచ్చావా అని చుట్టాలు అడుగుతారు. అడగనివ్వండి.