వీనివలన ప్రయోజనమేమి?

గడచిన సంవత్సరము నేను పై తరగతిలో ప్రధాన సంఖ్యలను గూర్చి చెప్పుచుండగా ఒక విద్యార్థి లేచి, "అయ్యా! వీనివలన మన కేమి ప్రయోజనము?" అని యడిగెను. "పరీక్షలో వచ్చును" అని చెప్పి పాఠము ముగించితిని. ఆ యుత్తరము ఉపాధ్యాయునకు తగినది కాదని పిమ్మట నాకు తోచినది. నాడు చెప్పవలసిన మాటను నేడు విన్నవించుచున్నాను.

ఒకటిచేతను, తనచేతను తప్ప మరి దేనిచేతను నిశ్శేషముగా భాగింపబడనిది ప్రధాన సంఖ్య. రెండును 31 మారులు వేసి హెచ్చవేసి, వచ్చినదానిలో ఒకటి తీసివేసినచో 2147483647 వచ్చును. ఇది ప్రధాన సంఖ్యయని ఫ్రాన్సు దేశీయుడగు మెర్సెన్ 1644 లో చెప్పెను గాని నిరూపింపలేదు. ఆయన పట్టికలో 31 తోపాటు 67 కూడ నుండెను. ఆ రెండవది తప్పని 1876 లో లూకా తేల్చెను. పెద్దలు చెప్పినంతమాత్రమున గణితములో చాలదు.

31 సంగతిని 1772 లో ఆయిలర్ పరిష్కరించెను. అప్పటికే ఆయనకు చూపు దాదాపుగా నశించియుండెను. ఈ సంఖ్యకు భాజకము కలదేని అందొకటి 46340 లోపల నుండవలెను. అంతలో 4700 కు పైగా ప్రధాన సంఖ్యలు గలవు. అన్నిటితోను భాగించుట యెంత శ్రమ! అయితే భాజకమును 248 చే భాగించినపుడు శేషము 1 గాని 63 గాని కావలెనని ఆయన కనుగొనెను. ఒకటిని విడిచినచో అట్టి సంఖ్యలు 373 మాత్రమే. వానిలోను ప్రధానములనే చూచిన చాలును. ఒక్కటియు నిశ్శేషముగా భాగింపలేదు.

1811 లో బార్లో అను ఆంగ్లేయ గణితజ్ఞుడు, ఈ సంఖ్యనుండి పుట్టు పరిపూర్ణ సంఖ్యకంటె పెద్దది బహుశః యెన్నటికిని దొరకదనియు, ఇట్టివి వింతకే గాని ప్రయోజనమునకు గావు గనుక ఎవ్వరును బహుశః వెదకబోరనియు వ్రాసెను. కాని 1876 లో లూకా 39 అంకెల ప్రధాన సంఖ్యను చూపెను. 2024 లో 4,10,24,320 అంకెలు గలది దొరకినది. ప్రయోజనమన్ననో, కంప్యూటర్లలో యాదృచ్ఛిక సంఖ్యలను పుట్టించుటకు ఈ 2147483647 నే వాడిరి. రెండు పెద్ద ప్రధాన సంఖ్యలను హెచ్చవేయుట సులభము, లబ్ధమును విడదీయుట దుస్సాధ్యము. 1977 లో దీనినే ఆధారముగా గొని ముగ్గురు పండితులు రహస్యలిపి నొకదానిని కల్పించిరి.

తలిదండ్రులలో కొందరు వడ్డీలెక్కలు వచ్చిన చాలునందురు. అవి కావలసినవే. ప్రతి విద్యయు నెప్పుడో ధనము తెచ్చునని నేను చెప్పను; అట్లు చెప్పుట పిల్లలను మోసగించుటయే. కాని ఫలమును ముందుగా తూచి విద్యను త్రోసిపుచ్చువాడు బార్లోవలె పొరబడును. ఆయిలర్ పొందిన లాభము వేరు: తాను పరీక్షించి యెరిగిన సత్యము. అట్టి యలవాటు గల బాలుని బజారులో గాని కచేరీలో గాని ఒకరు మోసగించుట కష్టము.

విద్యార్థులారా! రెండును 11 మారులు వేసి హెచ్చవేసి ఒకటి తీసివేసిన 2047 వచ్చును. 11 ప్రధాన సంఖ్యయే, మరి 2047? నా మాట నమ్మవలదు. 45 లోపలి ప్రధాన సంఖ్యలతో మీరే భాగించి చూడుడు.