ఎదుటి పక్షం మాట కూడా చెప్పగలగాలి: తెలంగాణ విద్యా కమిషన్‌కు బహిరంగ లేఖ



నేను హసన్‌పర్తిలో సాంఘిక శాస్త్రం చెప్పే టీచర్‌ని. పిల్లలకు బట్టీ మాన్పించి ఆలోచించడం నేర్పాలని 2020 జాతీయ విద్యా విధానం చెప్పింది. మండల స్థాయి మీటింగుల్లో కూడా అదే మాట వింటున్నాం. మంచిదే. కానీ ఆ ఆలోచన ఎవరి కోసమన్నది ఎవరూ అడగడం లేదు. తనకు లాభం ఉన్న వైపు నాలుగు కారణాలు వెతుక్కోవడం మన పిల్లలకు ఎవరూ నేర్పక్కర్లేదు, పెద్దల్ని చూసే నేర్చేసుకున్నారు. తనకు నష్టమైనా సరే, అవతలివాడి మాటలో న్యాయముంటే దాన్ని న్యాయమని చెప్పడం మాత్రం బడిలో ఏ పీరియడ్‌లోనూ లేదు.

మా ఊరి నుంచి హన్మకొండ వెళ్లాలంటే నయీంనగర్ నాలా దాటాలి. 2020 ఆగస్టులో హన్మకొండ కాలనీలు ఎలా మునిగాయో, 2023 జూలైలో మళ్లీ వరద ఎలా వచ్చిందో మీకు తెలుసు. వరద నీరు పోయేలా 2024లో అక్కడి పాత వంతెన పడగొట్టి నాలా వెడల్పు చేశారు. బస్సులు చుట్టు తిరిగి పోతున్న ఆ రోజుల్లో తొమ్మిదో తరగతిలో అడిగాను: నాలా ఒడ్డున కట్టిన ఇళ్లు, షాపులు తీసేయడం న్యాయమేనా?

ఒకమ్మాయి వెంటనే లేచింది. "తీసెయ్యాల్సిందే సార్. మా ఇంట్లకు నీళ్లచ్చి బియ్యం బస్తా సుత తడిసింది." నాలా పక్కన మేనమామకు షాపున్న పిల్లవాడు ఊరుకోలేదు. "మా మామ కాడ పర్మిషన్ కాగితం ఉంది సార్, పన్ను కడుతుండు. ఇచ్చినోళ్లది తప్పు గాదా?" ఇద్దరూ గట్టిగానే మాట్లాడారు. క్లాసు రెండు ముక్కలైంది.

అప్పుడు ఒక షరతు పెట్టాను. అవతలివాళ్ల వాదన ముందు నువ్వు చెప్పాలి. వాళ్లు విని "అవును, మేమనేది ఇదే" అన్నాకే నీ సొంత మాట. పిల్లవాడు మొదట "వాళ్లకు షాపులోళ్ల మీద కోపం" అన్నాడు. అమ్మాయి ఒప్పుకోలేదు. "నీళ్లు పోనీకి జాగ కావాలంటున్నరు" అన్నాడు. దానికీ తల అడ్డంగా ఊపింది. కాసేపు ఆలోచించి చెప్పాడు: "రాత్రి నీళ్లస్తే ముసలోళ్లను పట్టుకొని ఎటు పోవాల్నో తెల్వది. షాపు తీసేస్తే మాకు నోటీసన్న వస్తది, వాన వాళ్లకు నోటీసియ్యదు." అప్పుడు ఒప్పుకుంది. తన వంతు వచ్చినప్పుడు ఆ అమ్మాయి, పర్మిషన్ ఇచ్చిన ఆఫీసును ఎవరూ అడగకుండా షాపాయన ఒక్కడే మునగడం అన్యాయమంది. ఇద్దరూ పక్షాలు మారలేదు. తీసెయ్యాలా వద్దా అన్న గొడవ మాత్రం, తీసేస్తే ఎవరికి ఎవరు ఎంత కట్టివ్వాలి అన్న చర్చగా మారింది. నాకు కావలసింది అదే.

అమెరికన్ తత్త్వవేత్త రిచర్డ్ పాల్ తన లాభం కోసం ఆలోచించడానికీ, న్యాయంగా ఆలోచించడానికీ ఉన్న తేడా గురించి 1980లలోనే రాశారు. స్వార్థానికి వాడే విమర్శనాత్మక ఆలోచన బలహీనమైనదని, తన నమ్మకాలను కూడా అదే గీటురాయి మీద పెట్టేదే బలమైనదని ఆయన వాదన. మన తర్కశాస్త్రమైన న్యాయ దర్శనం అంతకంటే ఎంతో ముందే నిజం తేల్చుకోవడానికి చేసే వాదాన్ని, గెలుపు కోసమే చేసే జల్పాన్ని, తన పక్షమంటూ లేకుండా ఎదుటివాడిని పడగొట్టడమే పనిగా పెట్టుకునే వితండాన్ని వేరువేరుగా చూసింది. మన శాస్త్రకారులు ముందు ఎదుటివాడి వాదనైన పూర్వపక్షం చెప్పి, ఆ తర్వాతే తమ సిద్ధాంతానికి వచ్చేవారు. మన బడుల వక్తృత్వ పోటీల్లో మాత్రం సెల్‌ఫోన్ వరమా శాపమా అని అడిగి, టీచర్ రాసిచ్చిన కాగితాన్ని గొంతెత్తి అప్పజెప్పినవాళ్లకు కప్పు ఇస్తున్నాం.

పెద్దల తీరు కూడా ఇంతే. 2023 ఏప్రిల్‌లో మా హన్మకొండ జిల్లాలోనే, కమలాపూర్‌లో, పదో తరగతి హిందీ పేపర్ ఫోటో వాట్సాప్‌లో తిరిగింది. ఆ వ్యవహారంలో ఒక అబ్బాయిని డిబార్ చేశారు. హైకోర్టుకు వెళ్తే గానీ అతనికి మిగతా పరీక్షలు రాసే వీలు దొరకలేదు. పేపర్ బయటికి రావడం వెనుక ఎవరున్నారన్న దానిపై ఆ వారమంతా టీవీల్లో పార్టీల వాదనలే. ఎవరి తర్కం వాళ్లకు సరిపోయింది. పరీక్ష హాల్లో ఆ అబ్బాయి స్థానంలో కూర్చుని ఆలోచించినవాళ్లు ఎంతమంది? ఆ చర్చలు మా పిల్లలు కూడా చూశారు.

మన సాంఘిక పుస్తకంలో ఎదుటి పక్షం వైపు నుంచి ఆలోచించడానికి చోటు లేకపోలేదు. విద్యా ప్రమాణాల్లో చదివి వ్యాఖ్యానించడం ఉంది, సమకాలీన అంశాలపై ప్రతిస్పందించి ప్రశ్నించడం ఉంది, ప్రశంస, సున్నితత్వం కూడా ఉన్నాయి. వచ్చిన చిక్కల్లా పరీక్షతోనే. "పేరా చదివి మీ అభిప్రాయం రాయండి" అంటే పిల్లలు గైడులోని అభిప్రాయం రాస్తున్నారు. అందరిదీ ఒకే అభిప్రాయం, చివరి వాక్యంతో సహా. వాళ్లను తప్పుపట్టలేం, మార్కులు దానికే పడుతున్నాయి.

అందుకే నేను కొత్త సబ్జెక్టు అడగడం లేదు, కొత్త పుస్తకమూ వద్దు. ఆ ప్రశ్ననే కొంచెం మార్చమని ప్రభుత్వానికి సిఫారసు చేయండి. "ఈ పేరాతో ఏకీభవించని వ్యక్తి చెప్పగల బలమైన కారణం ముందు రాయండి, తర్వాత మీ అభిప్రాయం రాయండి" అని అడిగితే చాలు. సగం మార్కులు మొదటి భాగానికి ఉండాలి. పిల్లవాడు ఏ పక్షం తీసుకున్నాడన్నదానికి మార్కు కోయకూడదని మూల్యాంకన సూచనల్లో స్పష్టంగా రాయాలి, లేకపోతే దిద్దే టీచర్ రాజకీయం పేపర్ మీదికి వస్తుంది. పేరాలు కూడా గైడు అందుకోలేనంత దగ్గరివి కావాలి: ఆ ఊరి చెరువు, ఆ మండలం బస్సు, ఆ బడి మధ్యాహ్న భోజనం.

సిలబస్సే పూర్తి కావడం లేదు, ఇదెక్కడ చెప్పమంటారని నా తోటి టీచర్లు అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. పదో తరగతికి స్పెషల్ క్లాసులు మొదలైతే మాకు ఊపిరి తీసుకునే తీరిక ఉండదు. అందుకే మొదట తొమ్మిదో తరగతిలో, నిర్మాణాత్మక మూల్యాంకనాల్లో ఒక్కదానితో మొదలుపెట్టమంటున్నాను. ప్రాజెక్టు పని పేరుతో పిల్లలు అట్టల మీద బొమ్మలు అంటించి తెస్తున్నారు కదా, ఆ స్థానంలో ఈ చర్చ పెట్టవచ్చు. ఒక ఏడాది కొన్ని మండలాల్లో చేసి చూసి, పిల్లల జవాబు పత్రాలు మీరే చదవండి. హసన్‌పర్తి మండలాన్ని అందులో చేర్చమని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక సాంఘిక శాస్త్ర ఉపాధ్యాయుడు,
హసన్‌పర్తి, హన్మకొండ జిల్లా