ఈ పుస్తకాన్ని నమ్ముతారా, లేదా?

2007 నవంబరు 28, ఫ్లోరిడాలోని సెయింట్ పీటర్స్‌బర్గ్. రిపబ్లికన్ పార్టీ తరఫున అమెరికా అధ్యక్ష పదవికి పోటీపడుతున్న వాళ్ళంతా వేదిక మీద వరసగా నిలబడ్డారు. సీఎన్నెన్, యూట్యూబ్ కలిసి పెట్టిన చర్చ అది. జనం ఇళ్ళల్లో కూర్చుని ప్రశ్నల వీడియోలు తీసి పంపితే, వాటిలోంచి కొన్ని ఏరి అడిగారు. ఒక వీడియోలో ఒకాయన బైబిలు చేత్తో పట్టుకుని కెమెరాకి చూపిస్తూ, ఈ పుస్తకంలో ప్రతి మాటా నమ్ముతారా అని అడిగాడు. మీరిచ్చే జవాబుతో మీ గురించి మాకు తెలియాల్సిందంతా తెలిసిపోతుంది అని కూడా అన్నాడు.

తెలియాల్సిందంతా తెలిసిపోతుందట! నాకు అక్కడే మండింది. ఇన్నేళ్ళయినా ఆ మంట చల్లారలేదు. ఎందుకంటే అదే రాత్రి, అదే వేదిక మీద, ఇంకో వీడియోలో ఒక కుర్రాడు వాటర్‌బోర్డింగ్ గురించి అడిగాడు. ఖైదీని వెల్లకిలా పడుకోబెట్టి, మొహమ్మీద గుడ్డ కప్పి, ఊపిరాడకుండా నీళ్ళు పోస్తారే, అది. సెప్టెంబరు 11 దాడుల తరవాత సీఐఏ వాడిన పద్ధతి. ఇది చిత్రహింస అవునా, కాదా? మిట్ రోమ్నీ తేల్చలేదు. ఏ పద్ధతులు వాడతామో, వాడమో అభ్యర్థి బయటపెట్టడం మంచిది కాదన్నాడు. పక్కనే ఉన్న జాన్ మెకెయిన్, వియత్నాంలో ఐదున్నరేళ్ళు ఖైదులో మగ్గి చిత్రహింసలు అనుభవించిన మనిషి, ఇందులో తేల్చుకోవడానికి ఏముందంటూ తగులుకున్నాడు.

ఇప్పుడు చెప్పండి, కాబోయే సర్వసైన్యాధ్యక్షుడి గురించి తెలియాల్సింది ఏ ప్రశ్నలో తెలిసింది? బైబిలు ప్రశ్నకి జూలియానీ కొంత అక్షరాలా నమ్ముతాను, కొంత ఉపమానం అన్నాడు. రోమ్నీ అది దేవుడి మాటేనంటూ కాస్త తడబడ్డాడు. బాప్టిస్టు పాస్టరుగా పనిచేసిన మైక్ హకబీ హాయిగా, నవ్వుతూ చెప్పి చప్పట్లు కొట్టించుకున్నాడు. పాస్టరు ఆ ప్రశ్నకి బాగా చెప్పడంలో వింతేముంది? ఇంటర్వ్యూకి వచ్చినవాణ్ణి డేటాబేస్ గురించి అడక్కుండా మీ ఇలవేల్పు ఎవరని అడిగి, బాగా చెప్పాడని ఉద్యోగం ఇచ్చేస్తే, అర్ధరాత్రి సర్వర్లు పడిపోయినప్పుడు లేచి ఏడవాల్సింది మనమే కదా.

నేను నాస్తికుణ్ణి కాను, అది ముందే చెప్పేస్తున్నాను. దేవుడి మాట ఎత్తకూడదనే బాపతు కూడా కాదు. నా గొడవల్లా ఒకటే. విశ్వాసం గురించి అడగడం తేలిక. యుద్ధం గురించి, నిఘా సంస్థల గురించి అడగాలంటే ముందు మనం కాస్త చదువుకోవాలి. ఆ బద్ధకానికి మనం భక్తి అని పేరు పెట్టుకుంటున్నాం.

ఆ తరవాతి వారమే చూడండి. డిసెంబరు 3న అమెరికా నిఘా సంస్థలన్నీ కలిసి తయారుచేసిన అంచనాలో ముఖ్యమైన ముక్కలు బయటపెట్టారు. ఇరాన్ అణ్వాయుధ కార్యక్రమాన్ని 2003లోనే ఆపేసింది అన్నది దాని సారాంశం. యురేనియం శుద్ధి మాత్రం సాగుతోంది, మళ్ళీ మొదలెట్టే దారి ఉంది అనే మెలికలూ ఉన్నాయి. అప్పటిదాకా ఇరాన్ మీద బాంబులెయ్యాలా వద్దా అని మాట్లాడుతున్నవాళ్ళకి ఇది ఎంత పెద్ద వార్తో వేరే చెప్పాలా? మర్నాడు హకబీని అడిగితే ఆ నివేదిక సంగతే తనకి తెలీదన్నాడు. మామూలుగా అయితే అక్కడితో మనిషి కుదేలైపోవాలి. అబ్బే. డిసెంబరు 6న టెక్సస్‌లోని కాలేజ్ స్టేషన్‌లో రోమ్నీ తన మతం గురించి పెద్ద ఉపన్యాసం ఇచ్చాడు, దేశమంతా దాని మీద పడింది. మార్మన్లు క్రైస్తవులేనా? ఉపన్యాసంలో మార్మన్ అన్న మాట ఎన్నిసార్లు వచ్చింది? (ఒక్కసారే వచ్చింది, లెక్కపెట్టారు మరి.) నెల తిరక్కుండా, 2008 జనవరి 3న అయోవాలో హకబీ 34 శాతంతో గెలిచాడు, రోమ్నీ 25 దగ్గర ఆగిపోయాడు. ఆరోజు రిపబ్లికన్ల వైపు ఓటెయ్యడానికి వచ్చినవాళ్ళలో సగానికి పైగా ఇవాంజెలికల్ క్రైస్తవులు.

రోమ్నీ మీద జాలి పడదామంటే అదీ కుదరదు. నా చర్చి సిద్ధాంతాలు వివరించమనడమే తప్పు, అది రాజ్యాంగం వద్దన్న మతపరీక్ష అవుతుంది అన్నాడు. బాగుంది. అని, ఆ నోటితోనే ఏసు దేవుడి కుమారుడని నమ్ముతానని ప్రకటించాడు. స్వేచ్ఛకి మతం అవసరం అని కూడా అన్నాడు. మరి ఏ మతమూ లేనివాడి సంగతేంటి? తను రైలెక్కేదాకా తలుపు తియ్యమని బతిమాలి, ఎక్కగానే గడియ పెట్టే రకం ప్రయాణికుల్ని మనం చూడలేదా? ఇదే మనిషి ఆ ఏడాది మే నెలలో గ్వాంటనామో జైలుని మూసెయ్యడం కాదు, రెట్టింపు చెయ్యాలన్నాడు. విచారణ లేకుండా మనుషుల్ని ఏళ్ళ తరబడి ఉంచిన జైలు అది. రోమ్నీని వద్దనుకోవడానికి నాకైతే అది చాలు. ఆయన వాడే గ్రంథం ఏదో తెలుసుకోవాల్సిన పని లేదు.

రోమ్నీ ఉపన్యాసాన్ని అందరూ కెనడీతో పోల్చారు. సరే, కెనడీ దగ్గరికే వెళదాం. 1960 సెప్టెంబరు 12న హ్యూస్టన్‌లో ప్రొటెస్టెంటు పాస్టర్ల ముందు నిలబడి, నేను క్యాథలిక్కుల అభ్యర్థిని కాను, డెమొక్రాట్ల అభ్యర్థిని, నా మతం క్యాథలిక్ అంతే అన్నాడు. ఈ ఉపన్యాసం గురించి మాట్లాడేవాళ్ళు మర్చిపోయేది ఒకటుంది. మొదట్లోనే ఆయన, ఈ మతం గొడవ కన్నా పెద్ద సమస్యలు మనకున్నాయి, ఫ్లోరిడాకి 90 మైళ్ళ దూరంలో కమ్యూనిజం తిష్ట వేసింది అని చెప్పాడు. అంటే క్యూబా. జనం మాత్రం వాటికన్‌లోంచి పోప్ ఫోన్ చేసి శ్వేతసౌధాన్ని నడిపిస్తాడేమోనని భయపడ్డారు. చివరికి పోప్ ఏమీ చెయ్యలేదు. 1961 ఏప్రిల్‌లో, పదవిలోకొచ్చి మూడు నెలలు తిరక్కుండా, ఐసెన్‌హోవర్ కాలంలో సీఐఏ మొదలెట్టిన పథకానికి కెనడీ సరే అన్నాడు. దాదాపు 1400 మంది క్యూబా ప్రవాసుల్ని బే ఆఫ్ పిగ్స్‌లో దింపారు. మూడు రోజుల్లో అంతా అయిపోయింది, వెయ్యిమందికి పైగా పట్టుబడ్డారు. ప్రమాదం పోప్ వైపు నుంచి వస్తుందని కాపలా కాస్తే, సొంత గూఢచారుల ఫైలులోంచి వచ్చింది.

ఇంకో సంగతి. అదే ఎన్నికల్లో కెనడీ రష్యా దగ్గర మనకన్నా ఎక్కువ క్షిపణులున్నాయని ఊరూరా చెప్పాడు. క్షిపణుల లోటు అని దానికో పేరు. అది అబద్ధమని, నిజానికి అమెరికాదే పైచేయని గెలిచాక తేలింది. పోప్ గురించి అడిగినన్ని ప్రశ్నల్లో నాలుగో వంతు ఆ క్షిపణుల గురించి అడిగి ఉంటే?

మతాన్ని బట్టి మనిషి యుద్ధం విషయంలో ఏం చేస్తాడో ఊహించొచ్చు అనేవాళ్ళకి ఇరాక్‌ని మించిన జవాబు లేదు. బుష్ మెథడిస్టు, గట్టి భక్తుడు. ఆయన చర్చి పెద్దలే ఇరాక్ యుద్ధం వద్దన్నారు. పోప్ జాన్‌పాల్ అయితే 2003 మార్చిలో ఏకంగా ఒక కార్డినల్‌ని వాషింగ్టన్ పంపి వద్దని చెప్పించాడు. సెనేట్‌లో చూస్తే, 2002 అక్టోబరులో క్యాథలిక్కులైన జాన్ కెర్రీ, జో బైడెన్ యుద్ధానికి అనుకూలంగా ఓటేశారు. ఇంకో క్యాథలిక్కు టెడ్ కెనడీ వ్యతిరేకంగా వేశాడు. ఒకే చర్చి, ఒకే పుస్తకం, రెండు రకాల ఓట్లు.

ఇక్కడ నా వాదనకి అడ్డమొచ్చే ముక్క ఒకటుంది, దాచడం ధర్మం కాదు. 2007 డిసెంబరులో పాస్టరుగారైన హకబీ వాటర్‌బోర్డింగ్‌కి వ్యతిరేకమని చెప్పాడు. తన మతమే ఆయన్ని అటు నడిపించిందేమో. మంచిదే. కానీ అది మనకి తెలిసింది వాటర్‌బోర్డింగ్ గురించి అడిగితేనే, బైబిలు గురించి అడిగితే కాదు. అలాగే నేను పైన మెచ్చుకున్న మెకెయిన్ 2008 ఫిబ్రవరిలో, సీఐఏ కూడా సైన్యం విచారణ నియమాలకే కట్టుబడాలన్న బిల్లుకి వ్యతిరేకంగా ఓటేశాడు. చిత్రహింస అనుభవించినవాడే! అందుకే మనిషి చరిత్ర చూసి కూడా చేతులు దులుపుకోకూడదు, ఓటు ఓటుకీ లెక్క చూడాలి.

ఓటరు ఇష్టం, ఎలాగైనా ఎంచుకుంటాడు, రాజ్యాంగంలో మతపరీక్ష నిషేధం ప్రభుత్వానికే గానీ ఓటరుకి కాదు అంటారు. నిజమే, ఆరో అధికరణం నన్ను ఆపదు. ఎర్ర చొక్కా వేసుకున్నవాడికే ఓటేస్తానన్నా ఆపదు. హక్కు ఉన్నంత మాత్రాన ఆ పని తెలివైనదైపోదు కదా.

ఇహ మనవాళ్ళ సంగతికొస్తాను, ఎందుకంటే ఇదంతా తెల్లవాళ్ళ తెలివితక్కువతనం అని మురిసిపోయే అలవాటు మనకుంది. 2008లో ఒబామా ముస్లిం, ఖురాన్ మీద ప్రమాణం చేశాడు అనే మెయిళ్ళు నాకు అమెరికన్ల నుంచి రాలేదు. పదేళ్ళుగా గ్రీన్‌కార్డు కోసం ఎదురుచూస్తున్న మన తెలుగువాళ్ళ నుంచే వచ్చాయి. తమాషా ఏంటంటే, మార్చిలో ఆయన పాస్టరు జెరెమయా రైట్ ప్రసంగాల గొడవ మొదలయ్యాక కూడా అవి ఆగలేదు. ముస్లిం అయినవాడికి చర్చిలో పాస్టరు ఎక్కణ్ణుంచి వచ్చాడని ఒకాయన్ని అడిగితే, అదే కదా నాటకం అన్నాడు! అంతలో ఒబామా జేబులో చిన్న హనుమంతుడి బొమ్మ ఉంటుందని పత్రికలో వచ్చింది. జూన్‌లో ఢిల్లీలో ఆయనకి ఇవ్వడానికి హనుమంతుడి విగ్రహమే తయారైంది. దాంతో ఆ మెయిళ్ళు పంపినవాళ్ళలోనే ఇద్దరు, పర్లేదు మంచోడే అన్నారు. ఇరాక్ నుంచి సైన్యాన్ని 16 నెలల్లో వెనక్కి తెస్తానన్నాడు ఒబామా. అది సాధ్యమా కాదా అని వాళ్ళెవరూ అడగలేదు.

ఆ అక్టోబరులో మిన్నెసోటా సభలో ఒకావిడ ఒబామాని అరబ్బు అంటే, మెకెయిన్ మైకు తీసుకుని, కాదమ్మా, ఆయన మర్యాదస్తుడైన సంసారి అన్నాడు. మంచి మనసే, కాదనను. కానీ అరబ్బైతే మర్యాదస్తుడు కాడా? ఆ ఖాళీని వారం తరవాత కోలిన్ పావెల్ పూడ్చాడు. ఒబామా క్రైస్తవుడే, ఒకవేళ ముస్లిమే అయితే తప్పేంటని టీవీలో అడిగి, ఇరాక్‌లో చనిపోయి ఆర్లింగ్టన్ శ్మశానంలో ఉన్న ఒక ముస్లిం సైనికుడి సమాధి గురించి చెప్పాడు. 2003లో ఐక్యరాజ్యసమితిలో లేని ఆయుధాల గురించి చెప్పిందీ ఈయనే. అదీ గుర్తుంది, ఇదీ గుర్తుంది.

2023 డిసెంబరులో ఆ పరీక్ష మన ఇంటిదాకా వచ్చింది. అయోవాలో ఒక ఓటరు వివేక్ రామస్వామిని, మీ హిందూ మతం మా పూర్వీకులు ఈ దేశానికి వేసిన పునాది కాదంటున్నారు, ఏం చెబుతారని అడిగారు. ఆయన ఓపిగ్గా జవాబిచ్చాడు. మనవాళ్ళు ఆ వీడియో తెగ పంపుకున్నారు, భలే చెప్పాడని. బాగానే చెప్పాడు. కానీ అదే రామస్వామి, అమెరికా చిప్‌లు తనే తయారుచేసుకునేదాకా తైవాన్‌ని కాపాడదాం, ఆ తరవాత అంత గట్టి హామీ ఉండదు అన్నాడు. చిప్‌ల మీద బతికే ఉద్యోగాలు మనవి. దీని మీద నాకు ఒక్క ఫార్వర్డూ రాలేదు.

ఇప్పుడు జేడీ వాన్స్ వంతు. భార్య ఉష పూర్వీకులది పశ్చిమ గోదావరి వడ్లూరు కాబట్టి 2024లో ఆయన్ని ఆంధ్రా అల్లుణ్ణి చేసేసుకున్నాం. 2025 అక్టోబరులో మిసిసిపీ యూనివర్సిటీ సభలో, తన భార్య కూడా ఎప్పటికైనా క్రైస్తవం వైపు వస్తుందని ఆశ అన్నాడు. అంతే, అల్లుడు కాస్తా పరాయివాడైపోయాడు. మొన్న ఒక స్నేహితుడు, 2028లో ఈయన నిలబడితే ఓటేస్తావా అని కోపంగా అడిగాడు. ఉష గారు ఏ గుడికెళ్తే నాకెందుకు, అది ఆవిడ ఇష్టం. నాకో ప్రశ్న ఉంది, అది వాన్స్‌ని అడగాలి. 2025 మార్చిలో యెమెన్ మీద బాంబుదాడికి ముందు మీరంతా సిగ్నల్‌లో గ్రూపు పెట్టుకుని మాట్లాడుకున్నారు. పొరపాటున ఒక పత్రికా సంపాదకుణ్ణి చేర్చుకున్నారు. అందులో మీరే ఈ దాడి ఇప్పుడు పొరపాటేమో అని రాశారు, తరవాత సరేనన్నారు. ఎందుకు సరేనన్నారు? రహస్య సమాచారానికి ప్రభుత్వం ఇచ్చిన వ్యవస్థలుండగా ఫోనులో ఆప్ ఎందుకు వాడారు? మా ఆఫీసులో కస్టమర్ పాస్‌వర్డు చాట్‌లో పెడితే సాయంత్రానికి బ్యాడ్జి లాగేసుకుంటారు.

స్నేహితుడు, అది సరే గానీ, వాళ్ళ పిల్లల్ని చర్చికి తీసుకెళ్తున్నారట తెలుసా అన్నాడు.