జెండా పాట చూసి మురిసిపోకండి

జెండా పాట అంటే ఏమిటో మా ఎనుమాముల వాళ్ళకి చెప్పనక్కర్లేదు. మిగతా ఊళ్ళ అక్కచెల్లెళ్ళ కోసం చెబుతాను. ఆసియాలోనే పెద్ద మార్కెట్లలో ఒకటిగా పేరున్న మా వ్యవసాయ మార్కెట్ యార్డుకు సీజనులో వేల బస్తాల మిర్చి వస్తుంది. పొద్దున్నే వ్యాపారులంతా చేరి ఆ రోజు వచ్చిన సరుకులో మేలైన రాశి దగ్గర ధర పాడతారు. అదే జెండా పాట. మరునాడు పేపర్లో పడేది ఆ ధరే. అది చూసి బస్తాలేసుకొచ్చిన రైతుకు తీరా తక్‌పట్టీ చేతికొచ్చేసరికి అంకె వేరేగా ఉంటుంది. తేమ ఉందనీ, తాలు కాయ ఉందనీ కోతపడుతుంది.

ఈమధ్య ఆడవాళ్ళ ఫోన్లకు వస్తున్న ప్రకటనలు చూస్తే నాకు ఆ జెండా పాటే గుర్తొస్తోంది. 'ఇంట్లో కూర్చునే ఆన్‌లైన్ ట్యూషన్ చెప్పండి, నెలకు 50,000 వరకూ సంపాదించండి' అని. ఆ 'వరకూ' అన్న మాటలోనే ఉంది కిటుకంతా!

నేనేమీ ఈ పనికి వ్యతిరేకిని కాను. మూడేళ్ళుగా నేనూ చెబుతున్నాను, ఎనిమిది, తొమ్మిది తరగతుల లెక్కలు. కాకతీయ విశ్వవిద్యాలయం 1976 నుంచీ ఉన్న ఊరు మాది. బీఎస్సీలు, ఎమ్మెస్సీలు చదివిన ఆడపిల్లలకు కొదవ లేదు. పెళ్ళయ్యాక ఆ సర్టిఫికెట్లు బీరువాలో పట్టుచీరల కిందకు చేరతాయి. చంటిపిల్లలున్న ఇల్లాలికి, మంచం పట్టిన అత్తమ్మను చూసుకునే కోడలికి గడప దాటకుండా చదువు అక్కరకొచ్చే దారి దొరకడం చిన్న సంగతి కాదు. అందుకే అంటున్నాను, చేయండి. కానీ ధర అడిగి చేయండి.

ధర అంటే గంటకు ఎంతిస్తారన్నది ఒక్కటే కాదు. గంటకు 250 రూపాయలన్నారనుకుందాం. నెలకు 24 క్లాసులు, 6,000. బాగానే ఉందనిపిస్తుంది. అయితే క్లాసు గంటే, పని గంట కాదు. పాఠం చూసుకోవడానికి అరగంట. ముందే కనెక్ట్ అయి కూర్చోవడానికి పది నిమిషాలు. అయ్యాక హోంవర్కు దిద్దాలి, పాప ఎలా చదువుతోందో రిపోర్టు రాయాలి, వాళ్ళమ్మ మెసేజీకి జవాబివ్వాలి. అన్నీ కలిపితే ఒక్కో క్లాసుకూ రెండు గంటలు. అంటే 48 గంటల పని. నెట్ బిల్లు 600 తీసేస్తే చేతికొచ్చేది 5,400. గంటకు 112 రూపాయల చిల్లర! ఇక పిల్లవాడు చెప్పాపెట్టకుండా మానేసిన రోజున కొందరు సగమిస్తారు, కొందరు అసలివ్వరు. అందుకే చేరేముందు అడగాల్సిన మొదటి ప్రశ్న 'గంటకెంత?' కాదు, 'పిల్లాడు రాకపోతే ఎంత?' అని.

ఇంకో సంగతి. అడ్తిదారు కమీషను ఎంత పట్టుకున్నాడో రైతుకు తక్‌పట్టీ మీద కనబడుతుంది. మనకు ఆపాటి కాగితం కూడా ఉండదు. అవతల తల్లిదండ్రులు కంపెనీకి ఎంత కట్టారో మనకు తెలియదు, మనకెంత ముడుతోందో వాళ్ళకు తెలియదు. పైగా ఆ పిల్లలకు బయట నేరుగా చెప్పకూడదనే షరతు చాలా ఒప్పందాల్లో ఉంటుంది. 'ఒప్పుకుంటున్నాను' అన్న గడి నొక్కేముందు ఆ కాగితం ఒక్కసారైనా చదవండి.

పోనీ, పెద్ద కంపెనీని నమ్ముకుంటే ధైర్యం కదా అంటారా? బెంగళూరులో 2005లో ట్యూటర్ విస్టా అనే సంస్థ పుట్టింది. మన దేశంలో ఇళ్ళల్లో కూర్చున్న టీచర్ల చేత అమెరికా పిల్లలకు పాఠాలు చెప్పించింది. 2011లో అందులో పెద్ద వాటా పియర్సన్ చేతికి పోయింది, 2017లో బైజూస్ కొనుక్కుంది. పిల్లలకు కంప్యూటర్ కోడింగు నేర్పే వైట్‌హాట్ జూనియర్‌ను 2020లో అదే బైజూస్ సుమారు 30 కోట్ల డాలర్లు పెట్టి కొంది. అందులో పాఠాలు చెప్పింది చాలావరకు ఇంటి నుంచి పనిచేసే ఆడవాళ్ళే. ఆ బైజూస్ మీద 2024 జూలైలో దివాలా ప్రక్రియ మొదలైంది. చైనా ప్రభుత్వం 2021లో లాభాపేక్ష ట్యూషన్ల మీద ఆంక్షలు పెట్టినప్పుడు, చైనా పిల్లలకు ఫిలిప్పీన్స్‌లోని ఇళ్ళ నుంచి ఇంగ్లీషు చెప్పే టీచర్ల పొట్ట మీద కూడా దెబ్బ పడింది. ఎక్కడో తీసుకున్న నిర్ణయం, ఎక్కడి వంటింటి పక్క గది!

ప్రశ్నకింత అని జవాబులు రాసిచ్చే పని ఇంకొకటి ఉండేది. చెగ్ అనే అమెరికా కంపెనీకి మన దేశం నుంచి వేలమంది అలా రాసేవాళ్ళు. చాట్‌జీపీటీ వల్ల కొత్త విద్యార్థులు తగ్గుతున్నారని 2023 మే నెలలో ఆ కంపెనీ చెప్పగానే ఒక్కరోజులో దాని షేరు ధర దాదాపు సగానికి పడింది. జవాబు చెప్పడమే పనైతే ఇక యంత్రం చాలు.

మరి మనకు మిగిలిందేమిటి? 'అర్థమైందా?' అంటే తలాడించే పిల్ల కళ్ళు చూసి, అర్థం కాలేదని పసిగట్టడం. మనం పెంచిన పిల్లల దగ్గర నేర్చుకున్న విద్యే అది. అమెరికాలోని మన పిల్లలకు తెలుగు నేర్పడం కూడా అలాంటిదే. 2007లో మొదలైన సిలికానాంధ్ర మనబడిలో ఆ పని స్వచ్ఛందంగా చేసేవాళ్ళున్నారు. విడిగా ఫీజిచ్చి నేర్పించుకునే తల్లులూ ఉన్నారు. మనకు పొద్దున 6 అయితే న్యూయార్కులో ముందురోజు రాత్రి 7.30. మార్చి రెండో ఆదివారం వాళ్ళు గడియారం ముందుకు జరుపుతారు, నవంబరు మొదటి ఆదివారం వెనక్కి. ఆ ఎనిమిది నెలలూ మన 6 వాళ్ళకు 8.30 అవుతుంది, పిల్లలు నిద్రకు జోగుతుంటారు. అందుకని మార్చి రాగానే క్లాసు గంట ముందుకు రమ్మంటారు. మన ఇంట్లో టిఫిన్ బాక్సుల సంగతి వాళ్ళకేం తెలుసు? ఒప్పుకునేటప్పుడే మాట్లాడుకోవాలి.

బడిలో టీచరుగా ఉన్నవాళ్ళు ప్రైవేటు ట్యూషన్లు చెప్పకూడదని 2009 విద్యాహక్కు చట్టం 28వ సెక్షన్ అంటుంది. ఆ ఉద్యోగంలో ఉన్నవాళ్ళు ఈ సంగతి గుర్తుంచుకోండి. ఇక రిజిస్ట్రేషనుకనో ట్రైనింగుకనో ముందే డబ్బు కట్టమన్నారంటే అక్కడే ఆగిపోండి. పని ఇచ్చేవాడు మనకు కట్టాలి గానీ మనం వాడికి కట్టడమేమిటి? కట్టి మోసపోతే ఆలస్యం చేయకుండా 1930కు ఫోన్ చేయండి. డబ్బు పడే బ్యాంకు ఖాతా మీ పేరుతోనే ఉండాలి. మీ పాన్ మీద కంపెనీ పన్ను పట్టుకుంటే, మీ ఆదాయం పన్ను పడేంత లేనప్పుడు, రిటర్ను వేసి వెనక్కి తెచ్చుకోవచ్చు. ఏటా ఎంతమంది ఆ డబ్బు వదిలేసుకుంటున్నారో!

వేన్నీళ్ళకు చన్నీళ్ళు అంటారు కదా ఆడవాళ్ళ సంపాదనని. ఆ మాట నాకు మింగుడుపడదు. 'మా కోడలు ఏదో టైమ్ పాస్‌కు చెప్తది' అని చుట్టాల ముందు ఎంత తేలిగ్గా అనేస్తారు! క్లాసు మధ్యలో 'అమ్మా, గ్యాస్ వచ్చింది' అని తలుపు తోస్తారు. అదే ఇంట్లో మగవాడు కంప్యూటరు ముందు కూర్చుంటే టీవీ సౌండు కూడా తగ్గిస్తారు. సామాజిక భద్రతా స్మృతి 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చింది. ఇలాంటి ప్లాట్‌ఫాంల మీద పనిచేసేవాళ్ళను 'కార్మికులు' అని అది పేరు పెట్టి పిలిచింది. చట్టం ఒప్పుకున్న మాట మన ముందుగది ఇంకా ఒప్పుకోవడం లేదు.

మా వీధిలో ట్యూషన్లు చెప్పే ఐదుగురం ఆమధ్య కూర్చుని ఎవరి లెక్క వాళ్ళం కాగితం మీద వేశాం. పాఠం బయటి పనితో కలిపి గంటకు 150 కంటే తక్కువ పడితే ఒప్పుకోవద్దనుకున్నాం. కంపెనీలకు అలాగే చెప్పాం. ఇద్దరికి రేటు పెంచారు. ఒకావిడకు క్లాసులు తగ్గించారు. మిగతా మా ఇద్దరికి 'చూస్తాం' అన్న జవాబు వచ్చి నెలైంది. ఈ వారం మళ్ళీ అడుగుతాం.